నాలుగో నంబరు క్లిప్పు

స్విచ్చి కట్టేశాక కూడా మాస్టారి బొటనవేలు దాని మీదే ఉండిపోయింది.

ఆయన షెడ్డు వెనక నీడలో ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో కొత్తగా కట్టిన బొమ్మ విమానం, చేతిలో దాన్ని నడిపే రేడియో సెట్టు. తోకలో చుక్కాని తిప్పే బుల్లి మోటారుని మొన్ననే మార్చాడు. సరిగ్గా తిరుగుతోందో లేదో చూద్దామని సెట్టు ఆన్ చేసి, దాని మీది పుల్ల కుడికి తోశాడు, ఎడమకి తోశాడు. చుక్కాని చెప్పిన మాట విన్నది. భేష్ అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే షెడ్డుకి అవతల, ఆకాశంలో ఎవరిదో విమానం మోత మారి కీచుమంది.

ఆ కీచు అర్థం తెలియని మనిషి కాదు. ఇరవై ఏళ్ళుగా బొమ్మ విమానాలు కడుతున్నాడు. ఇంజను అలా అరిచిందంటే విమానం ముక్కు నేలకేసి పెట్టిందన్నమాట. తలెత్తాడు. చేతిలో సెట్టు చూసుకున్నాడు. ఏమీ ఆలోచించలేదు, స్విచ్చి కట్టేశాడు. కట్టేయగానే మోత ఒక్క క్షణం తేరుకుంది. ఆ వెంటనే పుల్లలు ఫెళఫెళా విరిగిన చప్పుడు, దాని మీద ఓ మనిషి కేక.

ఈ పాతరకం సెట్లతో ఉన్న తంటా ఇదే. ఒక రేడియో నంబరు మీద ఒక్కరే విమానం ఎగరెయ్యాలి. అదే నంబరు మీద రెండో సెట్టు ఆన్ అయిందో, విమానం ఇద్దరిలో ఎవరి మాటా వినదు. అందుకే షెడ్డు గోడకి ఓ చెక్కపలక, పలకకి పన్నెండు మేకులు, మేకుకో బట్టల క్లిప్పు, క్లిప్పు మీద నంబరు. క్లిప్పు తీసి ఏంటెనాకి తగిలించుకున్నవాడే స్విచ్చి వెయ్యాలి. ఎవరైనా క్లిప్పు పోగొడితే, అది దొరికేదాకా ఆ నంబరు మూసేసినట్టే. ఈ కట్టుబాటు పెట్టింది మాస్టారే. క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళకి పలక ముందు నిలబెట్టి చిలక్కి చెప్పినట్టు చెప్పేదీ ఆయనే.

మరి ఆయన క్లిప్పు తియ్యలేదా? తీశాడు. పోయిన ఆదివారం తీశాడు. తీసి, పనిముట్ల పెట్టెలో పడేసుకుని, పరధ్యానంగా ఇంటికి పట్టుకుపోయాడు. ఇవాళ పెట్టె తెరిస్తే నాలుగో నంబరు క్లిప్పు ఎదురుగా కనిపించింది. అయ్యో, ఇంటికి తీసుకుపోయానే అని నాలిక కరుచుకున్నాడు. సరే, క్లిప్పు నా దగ్గరుంటే నాలుగు మీద ఇంకెవరుంటారులే అనుకుని స్విచ్చి వేశాడు. పలక వైపు చూడలేదు. ఆకాశం వైపు అసలే చూడలేదు.

సెట్టు పీట మీద పెట్టి పరుగెత్తాడు.

మైదానం అంచున గడ్డి తాత వెల్లకిలా పడి ఉన్నాడు. మైదానంలో గడ్డి కోసి బాగుచేసే ముసలాయన. అందరూ అలాగే పిలుస్తారు. ఎడమ భుజం చొక్కా చిరిగి నెత్తురు కారుతోంది. చుట్టూ విమానం తునకలు. తాత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నది నర్సు. ఇవాళ డ్యూటీ ఉంది, రాలేనని చెప్పిన అమ్మాయి. ఎవరితోనో డ్యూటీ మార్చుకుని వచ్చినట్టుంది. మాస్టారు తన పాత సెట్టు ఇచ్చి, ఏ విమానం కట్టుకోవాలో చెప్పి, నాలుగు నెలలు దగ్గరుండి నేర్పిన అమ్మాయి. ఆ పాత సెట్టూ నాలుగో నంబరే.

"తాతా, కదలకండి. చెయ్యి ఇలాగే ఉంచండి. ఊపిరి తీసుకోగలుగుతున్నారా?" అంటోంది. గొంతు వణకడం లేదు. తన చున్నీ మడిచి తాత చేతిని ఛాతీకి ఆన్చి కట్టేస్తోంది. ఆమె సెట్టు గడ్డిలో పడి ఉంది. దాని ఏంటెనాకి ఒక క్లిప్పు. తెల్లగా, కొత్తగా, అచ్చులో వేసిన నల్లటి అంకె: నాలుగు.

మాస్టారి పిడికిలిలో పాత నాలుగు ఉంది. పరుగులో ఎప్పుడు పట్టుకున్నాడో ఆయనకే తెలియదు. గుప్పిట బిగించి జేబులో పెట్టుకున్నాడు.

మనుషులు మూగారు. తాతని కారులో ఎక్కించారు, నర్సు కూడా ఎక్కింది. కారు కదిలాక ప్రెస్సాయన నడుం మీద చేతులు పెట్టుకుని తునకల చుట్టూ తిరిగాడు. ఊళ్ళో అచ్చాఫీసు నడుపుతాడు, క్లబ్బుకి కార్యదర్శి.

"ఆ అమ్మాయి ఏం చేసిందో ఏమో. ఎదురొచ్చే విమానం చూసేసరికి కుడిఎడమలు తారుమారయ్యుంటాయి. లేకపోతే లోపల ఏ తీగో ఊడుంటుంది. మాస్టారూ, మీకంటే తెలిసినవాళ్ళెవరున్నారు? ఈ తునకలు మీరు పట్టుకెళ్ళి, ఎందుకు పడిందో చూసి ఓ కాగితం రాసివ్వండి. వచ్చే ఆదివారం మీటింగులో చదివి, ఆ అమ్మాయిని ఉంచాలా తియ్యాలా తేలుద్దాం."

కంచెని పిలిచి చేను మేసిందెవరో కనుక్కోమన్నట్టుంది వ్యవహారం. మాస్టారు తలూపాడు.

*

సోమవారం పొద్దున తన గడియారాల రిపేరు దుకాణం తెరిచి, బల్ల మీది గడియారాలన్నీ ఓ పక్కకి జరిపి, ఆ తునకలు పరిచాడు. గోడ నిండా గడియారాలు కొట్టుకుంటూనే ఉన్నాయి. ఆ చప్పుడు ఆయనకి వినపడి ఎన్నేళ్ళయిందో. ఇవాళ ఒక్కొక్కటీ విడివిడిగా వినిపిస్తోంది.

కంటికి భూతద్దం బిగించుకున్నాడు. రెక్క పైన ఉండే రకం విమానం అది. నేర్చుకునేవాళ్ళకి అదే మంచిదని ఆయనే ఎంపిక చేశాడు. చెయ్యి వదిలేసినా కాసేపు దానంతటదే నిలదొక్కుకుంటుంది. రెక్కలో పుల్ల పుల్లకీ జిగురు ఎంత కావాలో అంతే ఉంది, చుక్క ఎక్కువ లేదు. చక్రాల కడ్డీని చెక్కకి దారంతో చుట్టి కట్టింది. ఆ ముడి గాయానికి కుట్లు వేసే ముడి. విమానం ముక్కలైనా ఆ ముడి చెక్కుచెదరలేదు.

బ్యాటరీ తీగ తెగి ఉంది. మాస్టారి ప్రాణం లేచొచ్చింది. అది అలా రావడం ఆయనకే సిగ్గనిపించింది. చిన్న పట్టకారుతో తీగ కొస పైకెత్తి చూశాడు. టంకం దాని చోట అది నిగనిగలాడుతోంది. ఊడలేదు. దాని పక్కన, నేలకి కొట్టుకున్న దెబ్బకి, రాగి సాగి తెగింది. చేతకానివాడి టంకం బూడిదరంగులో గరుగ్గా ఉంటుంది. ఇది అద్దం. ఆయన చేసినా ఇంతకంటే బాగా రాదు.

దుకాణం ముందు ఎవరో ఆగితే ఆయన చేతిలో పట్టకారు జారింది. గుమ్మడికాయల దొంగ అనకముందే భుజాలు తడుముకోవడం అంటే ఇదే. తీరా చూస్తే, గడియారం పట్టీ మార్పించుకోవడానికి వచ్చిన మనిషి. అతను వెళ్ళగానే నర్సు వచ్చింది. రాత్రంతా ఆసుపత్రిలోనే ఉన్నట్టుంది, కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తాతకి ఎముక విరిగింది మాస్టారూ, భుజం దగ్గర. పెద్ద ప్రమాదం లేదన్నారు." స్టూలు మీద కూర్చుని తునకల వైపు చూసింది. "ఏమైనా కనిపించిందా?"

"ఇంకా చూడాలమ్మా."

"నాకు ఒక్కటి అర్థం కావడం లేదు. ఎదురుగా వస్తోంది, నేను పుల్ల తోశాను, వినలేదు. ఇటు తోశాను, వినలేదు. చచ్చిపోయినట్టుంది. తాత అడ్డంగా ఉన్నాడు, అరిచాను, ఆ గడ్డి కోసే మెషిను చప్పుడులో ఆయనకి వినపళ్ళేదు. సరిగ్గా చివర్లో, ఒక్క క్షణం, నా మాట విన్నది. నా చేతికి తెలిసింది మాస్టారూ."

మాస్టారు భూతద్దం తియ్యలేదు. తీస్తే కళ్ళు కనిపిస్తాయి.

"నిన్న ఆసుపత్రికి ప్రెస్సాయన వచ్చారు. ఆయనకీ ఇదే చెప్పాను. నవ్వారు. 'తీగ ఊడితే ఊడిందే, మళ్ళీ అతుక్కుని నీ మాట వింటుందా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది' అన్నారు. నిజమేనా? అలా మళ్ళీ వినడం ఉండదా?"

ఉంటుంది తల్లీ. రెండో సెట్టు కట్టేస్తే వింటుంది. మాట గొంతుదాకా వచ్చింది. తన పేరు పోలీసు కాగితాల్లో ఎక్కడం, ముప్ఫైమంది మనుషులు తన వైపు తిరిగి చూడటం, ఈ దుకాణం ముందు జనం చెవులు కొరుక్కోవడం, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి.

"చెప్పలేమమ్మా," అన్నాడు. "భయంలో మనిషికి ఏవేవో అనిపిస్తాయి."

ఆ అమ్మాయి తలూపి వెళ్ళిపోయింది.

*

ఇంట్లో ఆయన భార్య మంగళవారానికే పసిగట్టింది.

"ఏమండీ, ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయారు."

"పన్ను నొప్పి."

ఇంకేం, ఆవిడ ఉప్పు నీళ్ళు కాచి ఇచ్చింది. పుక్కిలించాడు. సాయంత్రం మళ్ళీ ఇచ్చింది. దొంగకి తేలు కుట్టినట్టు, కిక్కురుమనకుండా మళ్ళీ పుక్కిలించాడు. బుధవారం పొద్దున పళ్ళ డాక్టరు దగ్గరికి పదమంటే, ఆసుపత్రికే వెళ్తున్నానని చెప్పి బయటపడ్డాడు. అబద్ధం కాదు. తాతని చూడకుండా ఇంకో రోజు గడపలేకపోయాడు.

తాత మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఎడమ చెయ్యి కట్టుతో మెడకి వేలాడుతోంది. మాస్టారిని చూసి సంబరపడిపోయాడు.

"రండి మాస్టారూ, రండి. నా అదృష్టం చూశారా! మెషిను ఆపి తలెత్తేసరికి ఎదురుగా అది. ముక్కు సూటిగా నా మొహానికే. తిరుగుతా ఉంది ముందర చక్రం—"

"పంకా."

"అదే, ఆ పంకా. అయిపోయింది నా పని అనుకున్నా. ఇదిగో, ఇంత దూరంలోకి వచ్చాక చటుక్కున తలతిప్పింది మాస్టారూ, నా ఎడమ పక్కకి. ఎవరో చెవి పట్టుకుని తిప్పినట్టు. రెక్క మాత్రం భుజానికి కొట్టింది. ఆ పంకా మొహానికి తగిలుంటే మీరిప్పుడు ఎవరితో మాట్లాడేవాళ్ళు?" కుడిచెయ్యి పైకెత్తి దణ్ణం పెట్టాడు. "ఆ దేవుడే తిప్పాడు."

దేవుడు కాదు. ఆయన స్విచ్చి కట్టేసిన క్షణం నుంచి విమానం తగిలేలోపు ఆ పిల్లకి దొరికింది ఒక్క సెకను. ఎదురొచ్చే విమానం అద్దంలో బొమ్మలాంటిది; మన ఎడమకి పోవాలంటే పుల్ల కుడికి తొయ్యాలి. ఏళ్ళ తరబడి ఎగరేసినవాళ్ళే అక్కడ తప్పుతారు. నాలుగు నెలల పిల్ల, మనిషి చస్తున్నాడన్న భయంలో, ఆ సెకనులో తప్పలేదు. అదంతా భ్రమ అని ఆ పిల్లతో చెప్పి పంపింది తనే.

"ఈ మాట ఇంకెవరికైనా చెప్పావా తాతా?" అన్నాడు. ఎందుకు అడిగాడో అడిగాక గానీ తెలియలేదు.

"ఎవరు వింటారు మాస్టారూ! ఆ సిస్టరమ్మకి చెబుదామంటే ఈ పక్కకే రావడం లేదు. దూరం నుంచి చూసి పోతోంది. పాపం, నాకన్నా ఆ పిల్లకే దెబ్బ ఎక్కువ తగిలినట్టుంది."

బయటికొచ్చాక ఆయన ఆసుపత్రి గేటు పక్క చెత్తకుండీ ముందు ఆగాడు. జేబులో క్లిప్పు నాలుగు రోజులుగా తొడకి గుచ్చుకుంటూనే ఉంది. తీసి, స్ప్రింగు ఊడదీసి, రెండు చెక్కలూ నాలుగు ముక్కలు చేసి కుండీలో వేశాడు. ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగితే, ఓ ఆవిడ అరటితొక్క పట్టుకుని తను తప్పుకోవడం కోసం ఎదురుచూస్తోంది. జరిగి దారిచ్చాడు.

దుకాణానికి వచ్చి కాగితం రాశాడు. గడియారం లోపల వెంట్రుకంత తీగకి సొట్ట తీసే చెయ్యి, "బ్యాటరీ తీగ వద్ద టంకము ఊడుట వలన" అనే ఒక్క ముక్క రాయడానికి మూడు కాగితాలు పాడుచేసింది.

*

ఇక భయం తగ్గాలి కదా. క్లిప్పు లేదు, కాగితం ఉంది, సాక్ష్యం చెప్పేవాడు లేడు. గురువారం భయం రెట్టింపయింది. ప్రెస్సాయన స్కూటరు దుకాణం ముందు ఆగితే మాస్టారు లోపలి గదిలోకి వెళ్ళి నీళ్ళు తాగి వచ్చాడు.

"ఏంటి మాస్టారూ, అలా పీక్కుపోయారు?"

"పన్ను."

"కాగితం అయిందా?"

అందించాడు. ప్రెస్సాయన నిలబడే చదివి, మడిచి జేబులో పెట్టుకోబోయి, మళ్ళీ ఏదో ఆలోచనలో పడి తిరిగి ఇచ్చేశాడు. "మీరే చదవండి. మీ నోట వస్తే విలువ. ఇంకోటి మాస్టారూ... ఆ క్లిప్పులూ అవీ మీటింగులో ఎత్తొద్దు. అనవసరంగా పోలీసుల దాకా పోతుంది."

"క్లిప్పులేమిటి?" మాస్టారి గొంతు ఆయనకే ఎవరిదోలా వినిపించింది.

"ఏం లేదు, మాటవరసకన్నాను." ప్రెస్సాయన కళ్ళు గోడ గడియారాల మీద అటూ ఇటూ తిరిగాయి. "పాతవి పోతుంటాయి, కొత్తవి చేస్తుంటాం. మామూలే."

అప్పుడు అర్థమైంది మాస్టారికి. పాత నాలుగు కనిపించకపోతే, నంబరు మూసెయ్యకుండా, ఎవరికీ చెప్పకుండా, తన ప్రెస్సులో అంకె అచ్చేసి కొత్త క్లిప్పు తగిలించింది ఈయన. పాతది ఎవరి దగ్గరుందో తెలియదు గానీ, ఏదో ఉందని మాత్రం ఈయనకీ తెలుసు. ఈయనా నిద్రపోవడం లేదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా కాసేపు వాతావరణం గురించి మాట్లాడుకున్నారు.

శుక్రవారం నర్సు వచ్చింది. చేతిలో సంచీ. సంచీలోంచి సెట్టు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది మీదే కదా మాస్టారూ. ఉంచుకోండి."

"ఎందుకమ్మా?"

"ఇక ఎగరెయ్యను." నవ్వబోయింది. "మీరన్నది నిజమే. నాకలా అనిపించిందంతే. ఎవరూ నిలబడి చూడలేదు గానీ, తీగ ఊడుంటుంది, లేకపోతే నేనే తప్పు పక్కకి తోసుంటాను. నా చేతికి తెలిసిందనుకున్నా. చేతికేం తెలుస్తుంది?"

మాస్టారు సెట్టుని బల్ల మీద ఓ పక్కకి జరిపాడు.

"నిన్న ఓ పాపకి సూది వెయ్యాలి. ఎనిమిదేళ్ళుగా ఇదే పని, కళ్ళు మూసుకుని నరం పట్టుకుంటా. నిన్న చెయ్యి దగ్గరికి తీసుకెళ్ళి ఆగిపోయా. ఇక్కడేనా, కాదేమో అనిపించింది. ఇంకో సిస్టర్ వచ్చి వేసింది. పెద్ద సిస్టర్‌తో చెప్పి సూదుల వార్డు నుంచి మార్పించుకున్నా. ఇప్పుడు మందుల గదిలో చీటీలు చూసి ఇవ్వడమే." లేచింది. "మీరు బాధపడకండి. మీరు బాగానే నేర్పారు. నేనే పనికిరానిదాన్ని."

ఆమె వెళ్ళాక మాస్టారు ఓ ఆడవాళ్ళ చేతిగడియారం విప్పబోయాడు. మర చిన్నది, నువ్వుగింజంత. పట్టకారు మూడుసార్లు తప్పింది. చేతుల మీద బతికే మనిషికి చెయ్యి మీద నమ్మకం పోతే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పనక్కర్లేదు. మూత పెట్టేసి, పట్టపగలు దుకాణం కట్టేసి ఇంటికి వెళ్ళాడు.

భార్య ఉప్పునీళ్ళు పెట్టబోతుంటే వద్దన్నాడు. వంటింటి గుమ్మంలో నిలబడే మొత్తం చెప్పాడు. స్విచ్చి, క్లిప్పు, తాత, కాగితం, ఆ పిల్ల చెయ్యి. ఆవిడ గిన్నె దింపి పొయ్యి కట్టేసింది.

"పన్ను కాదని తెలుసు," అంది. "మరి నాకెందుకు చెబుతున్నారు? చెప్పాల్సింది నాకా?"

"భయమేస్తోందే."

"వెయ్యదూ మరి! భయపడే పని చేసి భయపడకుండా ఎలా ఉంటారు? భయపడుతూనే చెప్పండి. భయం పోయాక చెబుతానంటే ఈ జన్మకి చెప్పలేరు."

*

ఆదివారం మీటింగు ప్రెస్సు వెనక గదిలో. సిరా వాసన, కాగితాల కట్టలు. కుర్చీలు చాలక కొందరు కట్టల మీదే కూర్చున్నారు. నర్సు తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. తనని తీసేస్తారని తెలిసీ వచ్చింది, ఎవరి ముందూ తప్పించుకున్నట్టు ఉండకూడదని కాబోలు.

ప్రెస్సాయన లేచి గొంతు సవరించుకున్నాడు. తాతకి నయమవుతోందన్నాడు. అందరూ ఎదురుచూస్తున్న కాగితం మాస్టారు చదువుతారన్నాడు.

మాస్టారు లేచాడు. కాగితం తెరిచాడు, మూశాడు.

"ఇందులో రాసింది అబద్ధం," అన్నాడు. "టంకం ఊడలేదు. ఆ విమానంలో ఏ తప్పూ లేదు. ఆ రోజు షెడ్డు వెనక నేను నాలుగో నంబరు సెట్టు ఆన్ చేశాను. అందుకే పడింది. పాత క్లిప్పు పొరపాటున నా పెట్టెలో ఇంటికి వచ్చింది. అది నా దగ్గరుంది కదా, ఇంకెవరూ ఉండరులే అనుకున్నా. తప్పు నాది."

వెనక కట్ట మీద కూర్చున్న బస్సు డ్రైవరు చిన్నగా చప్పట్లు కొట్టాడు. పక్కవాడూ కొట్టాడు.

"చూశారా!" ప్రెస్సాయన రెండు చేతులూ జోడించాడు. "మాస్టారిది వెన్నలాంటి మనసని ఎప్పుడూ చెబుతుంటాను. శిష్యురాలిని కాపాడుకోవడానికి తన పరువే అడ్డం వేస్తున్నారు. మాస్టారు క్లిప్పు లేకుండా స్విచ్చి వేస్తారంటే నమ్మేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?"

"ఛఛ, మాస్టారేంటి!" "పలక పెట్టిందే ఆయనైతే!" "సూర్యుడు పడమట పొడుస్తాడా?"

"నిజం చెబుతున్నాను," మాస్టారు గొంతు పెంచాడు. "క్లిప్పు నా జేబులోనే ఉండేది. బుధవారం విరిచి పారేశాను."

"ఏదీ మరి, చూపించండి," అన్నాడు ప్రెస్సాయన నవ్వుతూ. నవ్వు పెదాల దగ్గరే ఆగిపోయింది. "లేదు కదా. పోనీండి మాస్టారూ. మీ మాట మీద ఆ అమ్మాయిని క్షమించేద్దాం. ఒక హెచ్చరిక ఇచ్చి ఉంచుదాం. అలా రాసుకుంటున్నా."

తప్పు తనదేనని అందరూ నమ్మేస్తారని వారం రోజులు గడగడలాడాడు మాస్టారు. ఇప్పుడు నమ్మరని గడగడలాడుతున్నాడు. ప్రెస్సాయన కలం గీసుకుంటూ పోతోంది. చెయ్యని తప్పుకి ఆ పిల్లకి క్షమాభిక్ష, చేసిన తప్పుకి తనకి చప్పట్లు. ఇంకో నిమిషం ఆగితే ఇదే నిజమైపోతుంది. ఇక గదిలో ఎవరివైపూ చూడకుండా తలుపు వైపు తిరిగాడు.

"అమ్మా, నువ్వే విను. చివర్లో నీ మాట విన్నదన్నావు. విన్నది. మోత విని నేను స్విచ్చి కట్టేశాను, అందుకే విన్నది. తాత మొహం మీదికి వస్తున్నది ఆయన ఎడమ పక్కకి తిరిగిందట. బుధవారం ఆయనే చెప్పాడు. దేవుడు తిప్పాడనుకుంటున్నాడు. నువ్వు పుల్ల ఎటు తోశావు?"

నర్సు గోడ వదిలి నిటారుగా నిలబడింది. "కుడికి," అంది. "కుడికే తోశాను. ఎవరూ అడగలేదు, ఎవరికీ చెప్పలేదు."

"ఎదురొచ్చేది ఎడమకి పోవాలంటే కుడికే తొయ్యాలి. నీకు దొరికింది ఒక్క సెకను."

చప్పట్లు కొట్టిన చేతులు ఎక్కడివక్కడ ఆగాయి. విమానాలు ఎగరేసేవాళ్ళే అందరూ. తీగ తెగిన విమానం తిరగదని ఎవరికీ విడమర్చి చెప్పనక్కర్లేదు.

"అయితే నేనే తిప్పానా?" అంది నర్సు.

"నువ్వే."

"సోమవారం అడిగాను మిమ్మల్ని."

"అడిగావు."

"అప్పుడు తెలుసా మీకు?"

"తెలుసు."

ఆమె మాస్టారిని తేరిపార చూసింది. ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. ప్రెస్సాయన వైపు తిరిగింది.

"ఆ రోజు నేను పలక మీంచి తీసుకున్నది కొత్త క్లిప్పు. ఎప్పుడు చేశారు?"

"అది... దానికి ముందు రోజు, శనివారం."

"ఎందుకు చేశారు?"

ప్రెస్సాయన కలం మూత పెట్టాడు. తీశాడు. "పాతది కనిపించక," అన్నాడు, నేల చూస్తూ.

ఇక అడగాల్సింది లేదు. ఒక్కొక్కరే మాస్టారి వైపు తిరిగారు. వారం రోజులుగా పగలూ రాత్రీ ఆయన ఏ చూపుకి భయపడ్డాడో సరిగ్గా అదే చూపు, ముప్ఫై మొహాల్లో. బస్సు డ్రైవరు కట్ట మీంచి లేచి అవతలికి జరిగి నిలబడ్డాడు.

నర్సు సంచీ భుజానికి వేసుకుని బయటికి నడిచింది. వాకిట్లో ఆగి ఫోను చేస్తున్నట్టుంది, కిటికీలోంచి మాట లోపలికి వినిపించింది.

"పెద్ద సిస్టర్, నేను. మధ్యాహ్నం డ్యూటీకి పాత వార్డుకే వస్తాను. అవును, సూదులే. లేదు, ఇప్పుడేం లేదు, బాగానే ఉన్నాను."

మాస్టారు కాగితం పట్టుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఆయనతో ఎవరూ అనలేదు.